అమ్మను ఇంటికొచ్చి ఫోటోలు తీసిన హన్మకొండ ఫోటోగ్రాఫర్ గురించి

బాపు పోయినప్పుడు పెద్దకర్మకు ఫ్లెక్సీ కొట్టిద్దామంటే ఇంట్ల ఒక్క మంచి ఫోటో లేకుండె. ఆధార్ కార్డు మీదిది పెద్దగ చేపిస్తే మొఖం మబ్బు మబ్బుగ వచ్చింది, ఇప్పటికీ గోడకు అదే ఉన్నది, తాత ఎందుకు గట్ల కోపంగ చూస్తున్నడు అని మా చిన్నోడు అడుగుతడు. బాపు అస్సలు కోపం మనిషే కాదు. అందుకే అమ్మకు క్యాన్సర్ ముదిరింది, ఇగ ఇంటికి తీస్కపోయి మంచిగ చూస్కోండ్రి అని డాక్టర్లు చెప్పినంక, తెల్లారే ఫోటోగ్రాఫర్ కోసం ఎతుకుడు మొదలువెట్టిన.

నలుగురికి ఫోన్ చేస్తే ఇద్దరు పెండ్లిళ్ల సీజనన్నా అన్నరు, ఒకాయన ఎత్తనే లేదు, ఇంకొకాయన, మనిషి పోయినంక పిలుస్తరు గని ముందుగాల పిలుసుడేందన్నా అన్నడు, ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఐదో ఆయనది చౌరస్తా దిక్కు చిన్న స్టూడియో. ఇసొంటివి నేను బిజినెస్ లెక్క చెయ్య, పేరు రాయకన్నా అన్నడు, అందుకే రాస్తలేను.

ఈయన మొదట రేటు చెప్పలే. అమ్మ ఏ టైంల మెలకువగ ఉంటది, ఏ పక్కకు పండుకుంటది, కిటికీ ఎటున్నది, ఇవి అడిగిండు. ముందురోజు ఉత్తగనే వచ్చిండు, కెమెరా లేదు, చాయ్ తాగి అమ్మ పక్కన కూసున్నడు. నన్ను కాదు, అమ్మనే అడిగిండు, అమ్మా రేపు ఫోటోలు తియ్యాల్నా వద్దా అని. జుట్టంత ఊడిపాయె కొడుకా అన్నది. కొంగు కప్పుకుంటె మంచిగుంటదమ్మా, మీరు ఊ అంటేనే తీస్త అన్నడు. అమ్మ కాసేపు ఆగి, నా గొల్లభామ చీర తియ్యిండ్రి అన్నది.

అమ్మకు నొప్పికి మార్ఫిన్ గోలీలు నడుస్తుండె, వేస్కున్న కొద్దిసేపు తేటగ ఉండి తర్వాత మత్తుగ పండుకునేది. ఇంటికొచ్చి నొప్పికి మందులు చూసే సర్కారు ఆలన బండిల వచ్చే నర్సమ్మను అడిగి, పొద్దుగాల గోలి ఎప్పుడు వేస్తే ఎప్పుడు తేటగ ఉంటదో అది చూసి ఎనిమిది గంటలకు టైం పెట్టుకున్నం. మీరు కూడ పిలిస్తే గిది మాత్రం మందులు చూసేటోళ్లను అడుగకుండ పెట్టుకోవద్దు.

చీర కట్టుకునే బలం లేదు, నైటీ మీదనే కప్పినం. ఆయన ఫ్లాష్ కొట్టలే, ట్యూబ్‌లైట్ కూడ బంద్ చేపిచ్చి కిటికీ వెలుగుల తీసిండు, నీడ పడే దిక్కు మా తెల్ల దుప్పటి ఒకటి పట్టుకొమ్మన్నడు. కెమెరాను సప్పుడు రాకుండ పెట్టిండు. ఆక్సిజన్ పైపు తీసెయ్యాల్నా అని నేనే అడిగితే, వద్దన్నా, అమ్మకు ఇబ్బంది చేసి ఫోటో ఎందుకు అన్నడు.

నవ్వుండ్రి, ఇటు చూడుండ్రి అని ఒక్కసారి కూడ అనలే. అమ్మను బీడీల గురించి అడిగిండు. మా సొంతూరు జగిత్యాల దిక్కు, అమ్మ ముప్పై ఏండ్లు దినాం వెయ్యి బీడీలు చుట్టింది, మా ఫీజులన్నీ ఆ పైసలే. ఒళ్లె చాట ఉన్నట్టే, తునికాకు ఎట్ల కత్తిరిస్తరో, జర్ద ఎంత వోస్తరో, దారం ఎట్ల చుడ్తరో ఉత్త చేతులతోని చూపెట్టింది, మా చిన్నోడు పక్కన మంచమెక్కి ఆమె వేళ్లనే చూస్తుండె. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటది. కత్తెర పట్టి పట్టి బొటనవేలు కాడ కాయ కాసి ఉంటది, అది సుత ఉన్నది దాంట్ల.

మా అన్న దుబాయ్‌ల ఉంటడు. బతికుండంగనే ఏం ఫోటోలురా, అపశకునం అని ముందురోజు నా మీద ఒర్రిండు. లీవ్ దొరుకక రాలేకపోయిండు, ఆ బాధ నా మీద తీస్కున్నడని నాకు ఎరుకే. తెల్లారి వీడియో కాల్ చేస్తే అమ్మ ఫోన్ రెండు చేతులతోని పట్టుకొని మొఖం దగ్గరికి తెచ్చుకున్నది, అది కూడ తీసిండు, ఫోన్ల అన్న కండ్లు తుడుసుకునుడు కనవడ్తది.

రెండు గంటలకు ఆరు వేలు, నలభై ఫోటోలు పెన్‌డ్రైవ్‌ల, ఆల్బం పైసలు వేరే. ఆల్బం పదిరోజుల్ల ఇస్త అని మూడు వారాలు చేసిండు, అమ్మ పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి నా ఫోన్ల చూసింది గని ఆల్బం చూడలే. ఇది మాత్రం నాకు బాధే, మీరైతే ఒక పది ఫోటోలన్న అప్పుడే ప్రింట్ కొట్టియ్యమనుండ్రి. పెద్ద ఫ్రేం కట్టేదాంట్ల అమ్మ మొఖం మీది ముడుతలు సాఫ్ చేసిండు, మా అమ్మ లెక్కనే లేదు అంటే మారు మాట లేకుండ మళ్ల ఎట్లున్నది అట్లనే చేసిచ్చిండు, పైసలు అడుగలే. ఆల్బం మెరిసే పేపర్‌ది వద్దు, లైటు కింద మొఖాలు కనవడయి, మ్యాట్‌ది చెప్పుండ్రి.

ఫోటోలు తీసిన పంతొమ్మిది రోజులకు అమ్మ పోయింది. ఫ్లెక్సీకి బీడీలు చుట్టుడు చూపెడ్తున్నప్పటిదే వేసినం. అన్న ఆ వీడియో కాల్ ఫోటో అడిగి పంపిచ్చుకున్నడు, దుబాయ్‌ల వాళ్ల రూంల మంచం పక్కన గోడకు అతికిచ్చుకున్నడట.