లారీ బెర్తుపై మెమరీ ఫోమ్ పరుపు: 3 నెలల వాడకం తరువాత

డ్రైవర్‌గా కొత్తగా చేరిన నేను, సీట్ల వెనకనున్న బెర్తుపై బండితో వచ్చిన పలుచని పరుపు వల్ల నడుము పట్టేయడంతో, 4 అంగుళాల మందమున్న మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి తగ్గట్టు ఒదిగే స్పాంజి) పరుపును కొని 3 నెలలుగా వాడుతున్నాను. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు భుజమూ తుంటీ కింది పలకకు ఒత్తుకోకపోవడం దీని ప్రధాన సుగుణం. అయితే ఈ రకం ఫోమ్ చలికి గట్టిపడి, ఒంటి వేడి తగిలాకే మెత్తబడుతుంది కనుక, చలి రాత్రుల్లో మొదటి పావుగంట చెక్క మీద పడుకున్నట్టే ఉంటుంది. ఉక్కపోతలో అదే పరుపు వేడిని పట్టి ఉంచి వీపంతా తడిపేస్తుంది.

అసలు చిక్కు అడుగున ఉంది. నిద్రలో ఒంటినుంచి వెలువడే తేమ పరుపులోకి దిగి, చల్లని పలకను తాకి నీటి బిందువులుగా మారుతుంది. రెండో వారంలోనే అడుగున బూజు మచ్చలు చూసి, అమ్మినవారు ఈ సంగతి ఒక్క ముక్కయినా చెప్పలేదని విసుక్కున్నాను. అప్పటినుంచి కింద గాలి ఆడే జాలీ చాప పరిచి, రాత్రి అద్దాన్ని కొద్దిగా దించి, లేవగానే పరుపును నిలబెట్టి ఆరనిస్తున్నాను. కొత్త మచ్చలు రాలేదు. జిప్పు ఉన్న తొడుగు ఉతకడానికి వీలుగానే ఉంది. కొనేముందు బెర్తును మూలలతో సహా కొలుచుకోవాలి, ఎందుకంటే నా బండిలో ఒక మూల గుండ్రంగా ఉండడంతో పరుపు అంచును కత్తితో కోయవలసి వచ్చింది.