రోమ్‌లో చివరి మూడు వారాలు: ఊళ్లు తిరగడమా, ఉన్న ఊరిని చూడడమా?

సెమిస్టర్ ముగింపుకొచ్చేసరికి రోమ్‌లో చదివే అందరికీ ఇదే టెన్షన్. మిగిలిన శని, ఆదివారాల్లో రైలెక్కి తిరగాలా, ఇక్కడే ఉండిపోవాలా?

తిరగడంలో లాభం కాదనలేం. హైస్పీడ్ రైల్లో ఫ్లోరెన్స్ గంటన్నర, నేపుల్స్ గంట పైచిలుకు. మళ్లీ ఇంత దగ్గర్లో ఎప్పుడుంటామో! కానీ ఆఖరి నిమిషంలో టికెట్లు ఖరీదు, పైగా పరీక్షల ముందు అలసట.

ఉండిపోతే దొరికేది వేరు. పాంథియాన్ అనే పురాతన రోమన్ ఆలయపు గోపురం 43 మీటర్ల వెడల్పుతో దాదాపు 1,900 ఏళ్లుగా నిలబడి ఉంది. టూరిస్టులు ఏ రోజు కుదిరితే ఆ రోజు చూసి వెళ్లిపోతారు. మనం వాన పడే రోజు కోసం ఆగగలం. గోపురం నడినెత్తిన ఉన్న గుండ్రటి కంతలోంచి చినుకులు నేరుగా నేల మీద పడి, చిన్న చిన్న రంధ్రాల్లోకి జారిపోతుంటే చూడాలి. అక్కడికి దగ్గర్లోనే సాన్ లూయిజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చి. ప్రవేశం ఉచితం. నాణెం వేస్తే దీపం వెలిగి, కారవాజియో గీసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడూ చీకట్లోంచి బయటికొస్తాయి. కాసేపటికి ఆరిపోతుంది. మళ్లీ నాణెం వేసి ఇంకోసారి చూసే తీరిక మనకుంటుంది.

నా ఓటు ఉండిపోవడానికే. ఊరు దాటాలనిపిస్తే లోకల్ రైల్లో అరగంట వెళ్తే ఓస్తియా ఆంటీకా. ఆ పాత ఓడరేవు పట్నంలో పిండి విసిరిన తిరగలి రాళ్లు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం చూసి రాత్రికి పుస్తకాల ముందుకొచ్చేయొచ్చు. ఫ్లోరెన్స్ అసలు చూడనివాళ్లు మాత్రం దానికో రోజు కేటాయించండి, మొదటి వారంలోనే.