ఏడాది సేవా, సొంతూళ్ళో పోరాటమా: యూదు పిల్లలకి ఏది మేలు?

మా అక్క కూతురికి ఇరవై రెండేళ్ళు. వాళ్ళ నాన్న యూదుడు, మా అక్కది తెనాలి. మే నెలలో డిగ్రీ చేతికొచ్చింది, ఆ మర్నాటి నుంచి ఒకటే ఫోన్లు: "పిన్నీ, నేను దేంట్లో చేరితే మంచిది?" ఉద్యోగం సంగతి కాదు అది అడిగేది. మానవ హక్కులు, సామాజిక న్యాయం వైపు ఏదైనా గట్టి పనిలో దిగాలట. దాని స్నేహితులు ముగ్గురు నలుగురు కూడా ఇదే అడిగారు, తర్వాత వాళ్ళ అమ్మలూ అడిగారు (అమ్మల ప్రశ్న కొంచెం వేరు: "హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారా?"). న్యూయార్క్‌లో చాలా ఏళ్ళుగా ఇలాంటి సంస్థల మీటింగుల్లో వెనక వరసలో కూర్చునే మనిషిని కాబట్టి నాకు తెలుసనుకుంటారు. 'టిక్కున్ ఓలం', అంటే లోకాన్ని బాగుచేయడం, అన్న మాట ఉగ్గుపాలతో విన్న పిల్లలు వీళ్ళు. ఎందుకు చేయాలో వీళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎక్కడ చేయాలన్నదే తేలడం లేదు.

దాని కాగితం మీద మూడు పేర్లున్నాయి. అవోదా అనే యూదు యువత సేవా కార్యక్రమంలో ఒక ఏడాది. లేకపోతే ఏదో ఉద్యోగం చేసుకుంటూ న్యూయార్క్‌లోనే 'జ్యూస్ ఫర్ రేషియల్ అండ్ ఎకనామిక్ జస్టిస్'లో సభ్యత్వం; జాతి, ఆర్థిక న్యాయం కోసం యూదులు పెట్టుకున్న సంస్థ అది, ఇక్కడ అందరూ జేఫ్రెజ్ అంటారు. లేకపోతే ఆలివ్ కోతల కాలంలో ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్ వెళ్ళి పాలస్తీనా రైతుల పక్కన నిలబడడం.

అవోదా 1998లో మొదలైంది. న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో, న్యూ ఆర్లీన్స్ లాంటి నగరాల్లో ఇరవైల్లో ఉన్న పిల్లలు ఒకే ఇంట్లో కలిసి ఉంటారు, పగలంతా పేదల కోసం పనిచేసే స్థానిక సంస్థల్లో ఫుల్‌టైమ్ పని, సాయంత్రాలు చదువూ చర్చలూ, శుక్రవారం రాత్రి అందరూ కలిసి షబ్బాత్ (యూదుల వారాంతపు విశ్రాంతి దినం) భోజనం. చేతికొచ్చే డబ్బు తక్కువే. ఆ ఉమ్మడి వంటింటి విలువ మాత్రం నేను తక్కువ చేసి చెప్పను. మా పిల్ల లాంటివాళ్ళకి అది ఇంకా ముఖ్యం. యూదు సంప్రదాయంలో లెక్క తల్లి వైపు నుంచి కదా, తండ్రి మాత్రమే యూదుడైతే పాత ఆచారం పట్టుకునే ఆర్థొడాక్స్ వాళ్ళు ఒప్పుకోరు, కాస్త ఉదారంగా ఉండే రిఫార్మ్ వాళ్ళు 1983లో ఒప్పుకున్నారు. "నువ్వు సగమే కదా" అనే మాట స్కూల్లో వింటూ పెరిగిన పిల్లకి, అడక్కుండానే కొవ్వొత్తులు వెలిగించే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అయినా నాకు ఏడాది అన్న మాట దగ్గరే గుచ్చుకుంటుంది. దీని అన్న నాలుగేళ్ళ క్రితం ఇలాంటిదే ఇంకో ప్రోగ్రాంలో చేశాడు, పేరెందుకులే. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేవాళ్ళ ఫైళ్ళు చూసేవాడు. ఏ బిల్డింగ్‌లో ఎవరున్నారు, ఏ ఇంటాయన దేనికి దిగొస్తాడు అన్నది అర్థమయ్యేసరికి పదో నెల. వెళ్ళేముందు ఒక పెద్దావిడ కోపం లేకుండా, బస్సు టైమ్ అడిగినట్టు అడిగిందట: "వచ్చే ఏడు ఎవరొస్తారు నాయనా?" వాడిప్పుడు లా చదువుతున్నాడు, అందుకు ఆ ఏడాదే కారణం, కాబట్టి అది వృథా అనను. కానీ ఆ ఏడాదిలో ఎక్కువ బాగుపడింది మావాడే, అది వాడే అంటాడు.

నేను చూసేది ఒక్కటే. ఆ పనిలో నువ్వే ఎందుకు? ఇంకెవరికీ లేని పట్టు నీకు దేనిమీద ఉంది? మంచి మనసు, ఇంగ్లీషు, కంప్యూటరు చాలామందికుంటాయి. సొంతవాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వాళ్ళకి నచ్చని మాట చెప్పి, మళ్ళీ వారం అదే టేబుల్ దగ్గరికి వెళ్ళగలిగేది ఆ ఇంటి పిల్లలే.

జేఫ్రెజ్ నాకు ఇందుకే నచ్చుతుంది. 1990లో పుట్టిన సంస్థ. న్యూయార్క్‌లో పిల్లల్ని చూసుకునే ఆయాలు, ఇల్లు తుడిచేవాళ్ళు, ముసలివాళ్ళని కనిపెట్టుకునేవాళ్ళు 'డొమెస్టిక్ వర్కర్స్ యునైటెడ్' పేరుతో సంఘం కట్టుకున్నప్పుడు వాళ్ళకో చిక్కు వచ్చింది. ఇంటిపని చేసేవాళ్ళని 1935 నాటి కార్మిక సంఘాల చట్టమే పక్కన పెట్టేసింది. ఫ్యాక్టరీ అయితే గేటు ముందు కూర్చోవచ్చు, ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి పనిచేస్తుంటే ఎవరి గేటు ముందు కూర్చుంటారు? ఆ యజమానుల్లో చాలామంది జేఫ్రెజ్ సభ్యుల అత్తయ్యలు, బాబాయిలు, సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, పక్క సీటువాళ్ళు. అందుకని వీళ్ళు యజమానుల వైపు నుంచే పని మొదలుపెట్టారు. ప్రచారానికి 'షాలోం బాయిత్' అని పేరు పెట్టారు, ఇంట్లో శాంతి అని అర్థం. మామూలుగా ఆ మాట మొగుడూ పెళ్ళాల మధ్య సఖ్యతకి వాడతారు, ఇక్కడ ఆ ఇంట్లో పనిచేసే మనిషిని కూడా లెక్కలోకి తెచ్చారు. హాల్లో పదిమందిని కూర్చోబెట్టి మీ ఆయాకి ఓవర్‌టైమ్ ఇస్తున్నారా, సెలవు ఉందా అని అడగడం ఊరేగింపులో జెండా పట్టుకున్నంత తేలిక కాదు. ఏళ్ళు పట్టింది. 2010లో న్యూయార్క్ రాష్ట్రం ఇంటిపనివాళ్ళ హక్కుల చట్టం చేసింది, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్ (ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళకి 44), వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాది పనిచేశాక మూడు రోజులు జీతంతో సెలవు. మూడే రోజులా అని మీకనిపిస్తే నాకూ అనిపించింది. ముందు అదీ లేదు.

(మన ఇళ్ళలో పనిమనిషికి ఆదివారం సెలవు అంటే ఏ ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. ఆ సంగతి ఇంకోసారి.)

ఆ చట్టం కోసం జరిగిన పోరాటంలో ఏం చేయాలో తేల్చింది కార్మికుల సంఘం. వీళ్ళు తమవాళ్ళని ఒప్పించే బాధ్యత తీసుకున్నారు. ఈ పని పంపకం గురించి అరవై ఏళ్ళ క్రితమే పెద్ద గొడవ జరిగింది. 1964 వేసవిలో ఉత్తరాది నుంచి సుమారు వెయ్యిమంది విద్యార్థులు, వాళ్ళలో యూదు కుటుంబాల పిల్లలు బాగా ఎక్కువ, నల్లజాతివాళ్ళకి ఓటు హక్కు కోసం మిసిసిపీ వెళ్ళారు. వాళ్ళు వస్తే మన పిల్లల చేతిలోంచి పని లాక్కుంటారేమోనని అక్కడి కార్యకర్తలు ముందే భయపడ్డారు. జూన్ 21 రాత్రి ముగ్గురిని క్లాన్ (తెల్లజాతి దురహంకారుల ముఠా) మనుషులు చంపేశారు. ఆండ్రూ గుడ్‌మన్, 20 ఏళ్ళు, మెరిడియన్ ఊరికి అంతకుముందు రోజే వచ్చాడు. మైఖేల్ ష్వెర్నర్, 24, భార్య రీటాతో కలిసి జనవరి నుంచి అక్కడే కాపురం ఉంటున్నాడు. జేమ్స్ చేనీ, 21, ఆ ఊరి నల్లజాతి కుర్రాడు. 44 రోజుల తర్వాత ఒక మట్టికట్ట కింద శవాలు దొరికాయి. దేశమంతా కదిలిపోయింది, కానీ చేనీ ఒక్కడే కనిపించకపోయి ఉంటే ఎవరికీ పట్టేది కాదని రీటా ఆనాడే మొహం మీద చెప్పింది. వెతుకులాటలో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళ శవాలు కూడా బయటపడ్డాయి, వాళ్ళని మే నెలలోనే చంపేశారు, వాళ్ళ కోసం అప్పటిదాకా ఏ టీవీ రాలేదు. గుడ్‌మన్ త్యాగం ముందు నేనెవర్ని మాట్లాడడానికి, కానీ ఒక రోజు కిందట వచ్చినవాడికీ ఆరు నెలలుగా ఉంటున్నవాడికీ ఆ ఊళ్ళో తేడా ఉండే ఉంటుంది.

ఉండిపోవడం అంటే నాకు సోంజా ష్లెసిన్ గుర్తొస్తుంది. మాస్కోలో 1888లో పుట్టి దక్షిణాఫ్రికాలో పెరిగిన యూదు అమ్మాయి, పదిహేడు పద్దెనిమిదేళ్ళకే జొహానెస్‌బర్గ్‌లో గాంధీ ఆఫీసులో టైపిస్టుగా చేరింది. 1913లో, ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయిన భారతీయ కూలీల మీద వేసిన మూడు పౌన్ల పన్ను మీద నేటాల్‌లో సమ్మె జరిగినప్పుడు గాంధీనీ, ఆయన యూదు మిత్రులు పోలక్, కాలెన్‌బాక్‌లనీ జైల్లో వేస్తే బయట వ్యవహారంలో పెద్ద భారం మోసింది ఈమె. ఆ సమ్మెలో పని మానేసిన కూలీల్లో మద్రాసు రేవు నుంచి ఓడెక్కిన మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మరుసటి ఏడు ఆ పన్ను రద్దయింది. గాంధీ ఇండియా వచ్చేశాడు, ఆమె అక్కడే ఉండి పిల్లలకి లాటిన్ చెప్పుకుంది.

ఇక మూడోది. 1988లో పుట్టిన 'రబ్బైస్ ఫర్ హ్యూమన్ రైట్స్' (రబ్బై అంటే యూదు మతగురువు) లాంటి సంస్థలు ప్రతి అక్టోబరు, నవంబరుల్లో వాలంటీర్లని వెస్ట్ బ్యాంక్ ఆలివ్ తోటలకి తీసుకెళ్తాయి. సెటిలర్లు, అంటే అక్కడ కాలనీలు కట్టుకున్న ఇజ్రాయెలీలు, రైతుల మీదికి రాకుండా అడ్డుగా ఉండడం, కాయలు కోయడం. నిజాయితీగా చెప్పాలంటే నేను పైన పెట్టిన కొలత ప్రకారం ఇదే ముందుండాలి. అక్కడ యూదు మనిషి పక్కన నిలబడడానికి ఉన్న బరువు ఇంకెవరికీ రాదు, ఇంట్లో దీనికంటే నచ్చని మాట కూడా ఉండదు. మా పిల్ల ఆ మాట ఎత్తగానే వాళ్ళ నాన్న కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. మరి ఎందుకు వెనక పెడుతున్నాను? హీబ్రూ నాలుగు ప్రార్థనలు తప్ప రాదు, అరబిక్ అసలు రాదు, ఆరు వారాలకి వెళ్ళి గొడవ జరిగితే చూసుకోవాల్సిన మనిషి ఇంకొకరు పెరుగుతుంది. ఇది ఒక కారణం. రెండోది, నాకు భయం. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన తర్వాత అక్కడ రైతులకీ వాలంటీర్లకీ రిస్క్ ఇంకా పెరిగింది. పిన్ని రాసే పోలికలో పిన్ని భయం కూడా ఉంటుంది, తీసేసి చదువుకోండి.

పది రోజుల విదేశీ సేవా యాత్రల గురించి అడిగినవాళ్ళకి: పిల్లలకి లోకం తెలుస్తుంది, వెళ్ళండి, దాన్ని హక్కుల పని అనకండి. 1985 నుంచి ఉన్న 'అమెరికన్ జ్యూయిష్ వరల్డ్ సర్వీస్' కూడా ఒకప్పుడు యువకుల్ని వాలంటీర్లుగా పంపేది, ఇప్పుడు ముఖ్యంగా స్థానిక సంస్థలకి డబ్బిస్తోంది. టికెట్ డబ్బులు అటే పంపొచ్చు. ఆన్‌లైన్ పిటిషన్లు సంతకం పెట్టండి, రెండు నిమిషాలు.

ఇంతకీ మా పిల్ల అవోదా ఫారం సగం నింపి పక్కన పెట్టింది. బ్రూక్లిన్‌లో ఒక చిన్న ఉద్యోగం దొరికింది, మంగళవారం సాయంత్రాలు మీటింగులకి వెళ్తోంది. అక్కడే ఒక లెక్క విని అదిరిపోయింది. ఏజెన్సీ ద్వారా వచ్చే హోమ్ కేర్ మనిషి 24 గంటల షిఫ్టు చేస్తే 13 గంటలకే జీతం ఇచ్చినా ఈ రాష్ట్రంలో చెల్లుతుంది, ఎనిమిది గంటలు నిద్ర, మూడు గంటలు తిండి అని తీసేస్తారు (ఆ నిద్రలో అయిదు గంటలైనా ఆగకుండా దొరక్కపోతే ఆ ఎనిమిది గంటలకీ ఇవ్వాలి). 2019లో రాష్ట్ర అత్యున్నత కోర్టు కూడా కాదనలేదు. వాళ్ళ నానమ్మ దగ్గర అలాంటి మనిషే ఉంటుంది. నానమ్మ రాత్రి ఎన్నిసార్లు లేస్తుందో అందరికీ తెలుసు. ఇది ఫోన్ చేసి అడిగింది, "ఆమె నిద్రపోయేది ఎప్పుడు నానమ్మా?" అని. నానమ్మ ఫోన్ పెట్టేసింది. ఆదివారం మళ్ళీ తనే చేసింది, రాత్రి నాలుగుసార్లు లేపానని, రాసిపెట్టానని.