అండమాన్ యూత్ రిట్రీట్ ప్యాకేజీ కొంటున్నారా? అడ్వాన్స్ కట్టేముందు తిరుగు టికెట్లు చూడండి

అందరికీ వందనాలు. క్రిస్మస్ సెలవులకో, వచ్చే వేసవికో మీ సంఘం యూత్‌ని అండమాన్ తీసుకెళ్దామని అనుకుంటుంటే, దయచేసి ఇది చివరిదాకా చదివాకే అడ్వాన్స్ కట్టండి. మొన్న దసరా సెలవుల్లో మా చర్చి సంఘం యువతీయువకులు అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి రిట్రీట్‌కి, అంటే కొన్ని రోజుల ఆత్మీయ కూడికలకు వెళ్ళారు. వాళ్ళతో వెళ్ళిన పెద్దల్లో నేనొకడిని. తిరుగు ప్రయాణంలో సగం మంది ఇంటికి చేరారు, సగం మంది దీవిలోనే ఉండిపోయారు. ఆ రోజు వాన పడిన మాట నిజమే. కానీ పిల్లలు ఆగిపోయింది వాన వల్ల కాదు. ప్యాకేజీ అమ్మినాయన టికెట్లు కొన్న తీరు వల్ల.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. అమ్మే పద్ధతి మాత్రం అందరికీ తెలియాలి. మా ఊళ్ళో జరిగాక కనుక్కుంటే, పక్క మండలాల్లో సంఘాలకు కూడా ఇలాంటి మాటలే చెప్పి అమ్ముతున్నారు.

పద్ధతి ఇది. మొదట యూత్ మీటింగ్‌కి వస్తారు. కూర్చుని ప్రార్థనలో పాల్గొంటారు. తర్వాత పాస్టర్ అయ్యగారితో మాట్లాడతారు. "ఇది నాకు వ్యాపారం కాదు బ్రదర్, పరిచర్య" అంటారు. రంగురంగుల కరపత్రం ఇస్తారు. మనిషికి 28,000 రూపాయలు. చెన్నై నుంచి రానూపోనూ విమానం, దీవికి ఫెర్రీ, రూములు, మూడు పూటలా భోజనం, కూడికలకు హాలు, అన్నీ అందులోనే అన్నారు. రొయ్యల ప్లాంట్‌లో షిఫ్టులు చేసే అబ్బాయిలు, ట్యూషన్లు చెప్పే అమ్మాయిలు నెలనెలా దాచి ఆ డబ్బు కట్టారు. కట్టలేని పిల్లల కోసం స్త్రీల సమాజం వాళ్ళు పచ్చళ్ళు పట్టి అమ్మారు. అందుకే నాకు ఇంత కడుపుమంట.

రిట్రీట్ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉదయం ఆరాధన, మధ్యాహ్నం వాక్యం, సాయంత్రం రాధానగర్ బీచ్. సముద్రం ఒడ్డున నిలబడి పిల్లలు పాడుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. "రాత్రి బీచ్‌లో క్యాంప్‌ఫైర్, సాక్ష్యాల కూడిక" అని కరపత్రంలో రాశారు. అక్కడ పొద్దు త్వరగా కుంకుతుంది, చీకటి పడ్డాక బీచ్‌లో ఎవరినీ ఉండనివ్వరు. ఆ దీవుల నీళ్ళలో మొసళ్ళున్నాయి, 2010లో హావ్‌లాక్‌లోనే ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి లాక్కెళ్ళింది. ఈ సంగతి తెలిసినవాళ్ళెవరూ రాత్రి బీచ్ కూడిక అని అమ్మరు.

ఇక అసలు విషయం. హావ్‌లాక్‌లో విమానాశ్రయం లేదు. ఇప్పుడు దాని అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం. టికెట్ల మీద పాత పేర్లూ కొత్త పేర్లూ రెండూ కనిపిస్తాయి, కంగారుపడకండి. దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఫెర్రీలో రావాలి. ప్రైవేట్ ఫెర్రీ అయితే గంటన్నర పైచిలుకు, ప్రభుత్వ ఫెర్రీ అయితే రెండున్నర గంటలు. అక్కడి నుంచి విమానంలో చెన్నై, చెన్నై నుంచి రాత్రి రైలు. ఈ మూడింటినీ ఆయన ఒకే రోజులో ఇరికించాడు. పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం, రాత్రి రైలు. ఒక్కటి ఆలస్యమైతే వెనకాలవన్నీ పోతాయి.

జెట్టీ దగ్గర ఆ ఉదయం సన్నగా జల్లు పడుతోంది. బైబిళ్ళు ప్లాస్టిక్ కవర్లలో చుట్టారు, గిటార్ మీద రెయిన్‌కోటు కప్పారు. ఫెర్రీ సిబ్బంది ఆధార్ కార్డులు చూసి పేర్ల పక్కన టిక్ పెడుతున్నారు. సుమారు సగం మంది లోపలికి వెళ్ళాక, "మీ లిస్టు అయిపోయింది, మిగతావాళ్ళకు మధ్యాహ్నం ఫెర్రీ" అన్నాడు కౌంటర్ దగ్గర మనిషి. కాగితం చూపించాడు. మా పేర్లను ఇంగ్లిష్ అక్షర క్రమంలో రాసి, మధ్యలో గీత గీసి రెండు ముక్కలు చేశారు. అక్క పేరు పై ముక్కలో, తమ్ముడి పేరు కింది ముక్కలో. అమ్మాయిలకు తోడుగా వచ్చిన అమ్మగారి పేరు పై ముక్కలో పడింది, చిన్న అమ్మాయిలు ముగ్గురు కిందే ఉండిపోయారు. ఎందుకిలా అని అడిగితే, టికెట్లు చివర్లో కొన్నారని, అప్పటికి ఒకే ఫెర్రీలో అన్ని సీట్లు లేవని చెప్పాడు. ప్యాకేజీ డబ్బు మేం నెలల ముందే కట్టేశాం.

వెంటనే ప్యాకేజీ అమ్మిన ఆర్గనైజర్‌కి ఫోన్ చేశాను. "టెన్షన్ పడకండి బ్రదర్, ఫ్లైట్ సాయంత్రానికి మారింది, అందరూ కలిసే వెళ్తారు" అన్నాడు. ఆ మాట అబద్ధం. విమానం టైము మారలేదు. మధ్యాహ్నం ఫెర్రీ సరిగ్గా టైముకి నడిచినా పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి మా విమానం ఎగిరిపోయి ఉంటుంది. రెండు టికెట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వాన పడకపోయినా ఆ పిల్లలు ఆ విమానం అందుకోలేరు.

తర్వాత వాతావరణ హెచ్చరిక వచ్చి మధ్యాహ్నం ఫెర్రీ రద్దయింది. ఆర్గనైజర్ తాలూకు స్థానిక మనిషి ఫోన్ స్విచాఫ్. రూములు అప్పటికే ఖాళీ చేశాం, మళ్ళీ ఇవ్వాలంటే కొత్తగా డబ్బు కట్టమన్నారు. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించాక అండమాన్‌లో ఇంటర్నెట్ మెరుగుపడింది కానీ, ఆ సాయంత్రం జెట్టీ దగ్గర యూపీఐ తిరుగుతూనే ఉంది, డబ్బు వెళ్ళలేదు. చేతిలో నగదు ఉన్నవాళ్ళం తలా కొంత వేసి రాత్రి గడిపాం. మర్నాడు ప్రభుత్వ ఫెర్రీ కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి పిల్లల్ని చూసి, వరుసగా సీట్లు వెతికి మరీ ఇప్పించారు. ఆయనకు రుణపడి ఉంటాం.

పోర్ట్ బ్లెయిర్‌లో మమ్మల్ని ఆదుకున్నది అక్కడి తెలుగు విశ్వాసులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు జంగ్లీఘాట్ లాంటి చోట్ల చాలా ఉన్నాయి. ముక్కూమొహం తెలియని మాకు చర్చి హాల్లో చాపలు పరిచి, వేడివేడి అన్నం, చేపల పులుసు పెట్టారు. కొత్త విమాన టికెట్లు మా కార్డుల మీద కొన్నాం. చెన్నైలో రైలు రిజర్వేషన్ పోయింది, బస్సుల్లో ఇల్లు చేరాం. ఇంటి దగ్గర తల్లిదండ్రులు అప్పటికే ఒక రాత్రి నిద్ర లేకుండా గడిపారు. రైలు దిగిన వాళ్ళలో తమ పిల్లలు లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

డబ్బు సంగతి అడిగితే ఆర్గనైజర్ మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత "వాతావరణం మన చేతుల్లో ఉందా బ్రదర్, దేవుని చిత్తం" అన్నాడు. టికెట్ల టైముల్లో తాను చేసిన తప్పుని దేవుని మీదికి నెట్టడం నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ కలిగించింది.

సీజన్ గురించి కూడా చెప్పాలి. దసరాకి రేటు తక్కువ అని మమ్మల్ని ఊరించారు. తక్కువ ఉండటానికి కారణం ఉంది. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2016 డిసెంబరులో వాయుగుండం పట్టినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలాది యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది. మా రిట్రీట్‌లో ధ్యానించింది అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలు. యూదుల ఉపవాస దినం దాటిపోయింది, ఇప్పుడు సముద్ర ప్రయాణం అపాయమని పౌలు చెప్పినా, శతాధిపతి ఓడ యజమాని మాటే నమ్మాడు. ఆ ఉపవాస దినం కూడా ఇంచుమించు మన దసరా రోజుల్లోనే వస్తుంది. జెట్టీ దగ్గర తడుస్తూ ఈ మాట గుర్తుచేసింది పదో తరగతి చదివే పిల్లాడు. వీలైతే జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్ళండి, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది.

నెమ్మదిగా ఉంది కదా అని బోటు విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ దగ్గర పరిమితికి మించి ఎక్కించిన పర్యాటకుల బోటు మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2017 నవంబరులో మన కృష్ణానదిలో, పవిత్ర సంగమం దగ్గర, అనుమతి లేని బోటు బోల్తాపడిన సంగతి మర్చిపోలేం. భవానీ ద్వీపంలో ఒక్కరోజు కూడిక పెట్టుకున్నా సరే, లైఫ్ జాకెట్ లేని బోటులో పిల్లల్ని ఎక్కించవద్దు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. కరపత్రంలో "మిషన్ ఎక్స్‌పోజర్, ఆదిమజాతుల ప్రాంత సందర్శన" అని ఒక రోజు పెట్టారు. బారాటాంగ్ గుహలకు వెళ్ళే రోడ్డు జారవా అనే ఆదిమ తెగకు కేటాయించిన రిజర్వ్ అడవి గుండా పోతుంది. అక్కడ వాహనాలు కాన్వాయ్‌గానే వెళ్ళాలి, ఆగకూడదు, జారవాలను ఫొటో తీయకూడదు, తిండి ఇవ్వకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం కింద జైలు శిక్ష పడుతుంది. 2018లో బయటివాళ్ళను రానివ్వని ఆదిమ తెగ ఉండే నార్త్ సెంటినెల్ దీవికి దొంగచాటుగా వెళ్ళిన అమెరికన్ యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. బయటివాళ్ళ జలుబు, తట్టు కూడా ఆ ప్రజలకు ప్రాణాంతకం. మేం ఆ రోజు కార్యక్రమం ముందే తీసేయించాం. సువార్త పేరు చెప్పి ఇది అమ్మేవాళ్ళ దగ్గర ఇంకేమీ కొనవద్దు.

ఇప్పుడు మీరు కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను. హోటల్ ఫొటోలు, మెనూ చివర చూడండి. ముందు తిరుగు ఫెర్రీ టికెట్ అడగండి. అందరి పేర్లూ ఒకే ఫెర్రీలో ఉండాలి. దీవి నుంచి విమానానికి ఒకరోజు ముందే పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి ఆ రాత్రి అక్కడే ఉండేలా ప్లాన్ ఉండాలి. దీనికి మనిషికి అదనంగా వెయ్యో రెండువేలో అయినా పర్వాలేదు. ఆఖరి రోజు సెల్యులార్ జైలు చూపిస్తే పిల్లలకు అదే మంచి పాఠం. విమానం పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) ఇచ్చారు కదా అని ఊరుకోకండి. ఎయిర్‌లైన్ సైట్‌లో పెట్టి చూడండి. డబ్బు కట్టకుండా గ్రూప్ సీట్లు హోల్డ్‌లో ఉంచినా పీఎన్ఆర్ వస్తుంది. కన్ఫర్మ్ అయిందో లేదో, ప్రతి పేరూ ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో మీ కళ్ళతో చూడాలి. మైనర్ పిల్లలకు తోడుగా ఎవరు ఏ టికెట్ మీద ఉన్నారో కాగితం మీద రాసుకోండి. డబ్బు ఎవరి సొంత నంబరుకో యూపీఐ చేయవద్దు. సంస్థ ఖాతాకే వేసి, జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి. అన్నిటికంటే ముందు పోర్ట్ బ్లెయిర్‌లోని ఏదైనా తెలుగు సంఘానికి ఫోన్ చేయండి. ఏ ఏజెంట్ మాట మీద నిలబడతాడో వాళ్ళకు బాగా తెలుసు.

ఇప్పటికే నష్టపోయినవాళ్ళు ఊరుకోవద్దు. విమానం ఎక్కలేకపోయినా, నాన్ రిఫండబుల్ టికెట్ అయినా, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుము తిరిగి ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం ఉంది. రద్దయిన ఫెర్రీ డబ్బు కూడా టికెట్ కొన్న ఏజెంట్‌కే తిరిగి వస్తుంది, మనకు చెప్పడు. ఆ రెండూ రాతపూర్వకంగా అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఏజెంట్ ఊరికి తిరగక్కర్లేదు. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. కరపత్రం, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు, రెండు ఫెర్రీ టికెట్లు, కాల్ చేసిన టైములు అన్నీ దాచండి. "సంఘంలో ఉన్న సహోదరుడి మీద కేసేంటి" అని మా దగ్గర కూడా కొందరు పెద్దలు అన్నారు. పచ్చళ్ళు అమ్మిన ఆ తల్లులకు లెక్క చెప్పాల్సింది మేమే కదా.

క్రిస్మస్ ట్రిప్‌కి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు ఈ రాత్రే పీఎన్ఆర్, ఫెర్రీ టికెట్లు చూసుకోండి. మార్చుకోవడానికి ఇంకా టైముంది. కమిషన్‌కి మేం తెలుగులో రాసుకున్న ఫిర్యాదు కాపీ నా దగ్గర ఉంది. కావలసినవాళ్ళు అడగండి, పేర్లు తీసేసి పంపిస్తాను.