కడుపునొప్పి వెనక రక్తనాళాల వాపు: అల్ట్రాసౌండా, సీటీ యాంజియోనా?

పిల్లాడికి కడుపులో మెలిపెడుతూ, కాళ్ల మీద, పిరుదుల మీద వేలితో నొక్కినా రంగు పోని ఎర్రటి మచ్చలు వస్తే గ్యాసేలే అని వాము నీళ్లతో ఆగిపోకండి, ఐజీఏ వాస్కులైటిస్ (చిన్న రక్తనాళాలు వాచే జబ్బు) కావచ్చు. కొందరికి మచ్చలకన్నా నొప్పే ముందొస్తుంది.

ఖర్చు: అల్ట్రాసౌండ్ చవక. సీటీ యాంజియోకి (రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) బాగా ఎక్కువ.

శ్రమ: పొట్ట మీద జెల్ రాస్తే మొదటిది అయిపోతుంది. రెండోదానికి నరంలోకి మందు ఎక్కించాలి, అంతకుముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూస్తారు.

రిస్క్: అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు.

పేగులోకి పేగు చొచ్చుకుపోతే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది, అందుకే పిల్లలకు ముందు అదే. పెద్దవాళ్లకు తిన్న కాసేపటికే నొప్పి, బరువు తగ్గడం, బీపీ పెరగడం కలిసొస్తే పాలీఆర్టరైటిస్ నోడోసా (మధ్యస్థ రక్తనాళాలు వాచే జబ్బు) అనుమానంతో సీటీ యాంజియోనే మేలు, నాళాల్లో ఉబ్బులు, సన్నబడిన చోట్లు అందులో కనిపిస్తాయి. మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతులు, పొట్ట గట్టిపడటం ఉంటే మాత్రం ఏ స్కానా అని ఆలోచించకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.