ఎముకల మందుల లెక్కకు ఏ మోడల్ మేలు: మార్కోవా, మైక్రోసిమ్యులేషనా?

హెల్త్ ఎకనామిక్స్ చదివే పిల్లలు పదేపదే అడుగుతున్నారు: ఎముకలు గుల్లబారే జబ్బుకు ఏ మందు గిట్టుబాటో తేల్చడానికి జనాన్ని గుంపుగా లెక్కించే మార్కోవ్ కోహార్ట్ మోడల్ చాలదా, ఒక్కొక్కరినీ విడిగా లెక్కించే మైక్రోసిమ్యులేషన్ దాకా వెళ్లాలా?

మార్కోవ్‌లో అంతా కళ్లెదుటే ఉంటుంది. వెయ్యిమంది ఆడవాళ్లను ఒక గుంపుగా తీసుకుని ఏడాదికోసారి బాగున్నవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, చనిపోయినవాళ్లు అని గదుల్లోకి పంచుతాం. ఎక్సెల్‌లో క్షణాల్లో జవాబొస్తుంది, తప్పు దొర్లితే పక్కవాళ్లు పట్టుకుంటారు.

కానీ దానికి జ్ఞాపకం లేదు: ఇప్పుడు ఏ గదిలో ఉన్నారో తప్ప, అంతకు ముందు ఏం జరిగిందో దానికి తెలియదు. ఈ జబ్బుకు కావలసింది అదే. 62 ఏళ్లకు మణికట్టు, 71కి వెన్నుపూస విరిగినావిడకూ, ఎన్నడూ ఏదీ విరగనావిడకూ తుంటి ముప్పు ఒకటి కాదు. పైగా చాలా మార్కోవ్ మోడళ్లలో తుంటి విరిగిన గదిలోకి వెళ్లాక వెన్నుపూస విరిగినా లెక్కకు రాదు.

మందు ఆపాక జరిగేది ఇంకా ముఖ్యం. బిస్ఫాస్ఫోనేట్ల కోవకు చెందిన అలెండ్రోనేట్ అనే మందు ఎముకలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, మానేసినా కొంతకాలం కాపాడుతుంది. డెనోసుమాబ్ అనే మరో మందు అలా కాదు. ఆరు నెలలకోసారి 60 మిల్లీగ్రాముల ఇంజెక్షన్. 2009లో వెలువడిన ఫ్రీడమ్ ట్రయల్‌లో మూడేళ్లలో కొత్త వెన్నుపూస ఫ్రాక్చర్లను 68 శాతం తగ్గించింది. అయితే డోసు మానేస్తే ఎముక సాంద్రత గబగబా పడిపోతుంది, కొందరికి వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరుగుతాయి. ఎవరు ఎప్పుడు మానేశారో గుర్తుంచుకోని మోడల్ ఈ రెండు మందులనూ ఒకే గాట కట్టేస్తుంది.

గదులు పెంచితే సరిపోదా అంటారు. నేనూ పెంచి చూశాను. తుంటి, వెన్ను, మణికట్టు, భుజం విరిగాయా లేదా అన్నందుకే 16 గదులు. మందు వాడుతున్నారా, మానేసి ఒకటి నుంచి ఐదేళ్లలో ఎన్నో ఏడు, లేక అంతకు మించిందా అంటే మరో 7 రకాలు. మొత్తం 112. ఇక ఆ షీటును తనిఖీ చేసేదెవరు?

మైక్రోసిమ్యులేషన్ ఒక్కో మనిషినీ విడిగా, ఆమె చరిత్రతో సహా నడిపిస్తుంది. ఎవరికి ఎప్పుడు ఎముక విరిగేదీ రాండమ్ నంబర్లతో తేలుతుంది కాబట్టి లక్షల మందిని నడిపితే గానీ జవాబు నిలకడగా రాదు, రాత్రంతా కంప్యూటర్ వదిలేయాల్సి వస్తుంది. నా ఓటు మాత్రం దీనికే. బ్రిటన్‌లో ఏ మందు ఖర్చుకు తగినదో చెప్పే సంస్థ నైస్ 2017లో బిస్ఫాస్ఫోనేట్లపై ఇచ్చిన మార్గదర్శకానికి కూడా షెఫీల్డ్ బృందం మనుషులను విడివిడిగా నడిపే మోడలే కట్టింది.

జరగగల వాటిని చెట్టు కొమ్మల్లా గీసి లెక్కగట్టే డెసిషన్ ట్రీ ఏడాదిలో తేలే ప్రశ్నలకు బాగుంటుంది, దీనికి వద్దు. గడువు దగ్గరపడి, ఒకే మందును ఏమీ వాడకపోవడంతో పోల్చాలంటే మార్కోవ్ తప్పు కాదు. డెనోసుమాబ్ పోలికలోకి వస్తే మాత్రం టెన్షన్ పడకుండా మైక్రోసిమ్యులేషన్‌కే వెళ్లండి. రెండు మందులకూ అవే మనుషులను, అవే రాండమ్ నంబర్లతో నడపండి. లేకపోతే కనిపించే తేడా మందు వల్లో, నంబర్ల వల్లో తెలియదు.