ఏడేళ్లుగా బాత్రూమ్ కిటికీలో చెప్పు ఆర్కిడ్

మా అత్తయ్య రోజూ పూజకి బాల్కనీలో పూలన్నీ కోసుకుంటారు గానీ దీని జోలికి మాత్రం రారు. "చెప్పులాంటి పువ్వు దేవుడికెలా పెడతామమ్మా?" అంటారు. ఆవిడ మాటలో తప్పేం లేదు. పాఫియోపెడిలమ్ అనే దీని శాస్త్రీయ పేరులో వెనక సగానికి గ్రీకులో చెప్పు అనే అర్థం, ముందు సగం అఫ్రొడైటీ దేవత గుడి ఉన్న పాఫోస్ ఊరిది. "అమ్మవారి పాదుకలనుకోండి అత్తయ్యా" అని చూశాను, ఒప్పుకోలేదు. మంచిదే అయింది, పువ్వు మొక్కనే ఉండిపోతోంది. ఈ ఏడాది జనవరిలో విచ్చిన పువ్వు మార్చి రెండో వారం దాకా వాడలేదు.

మాది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్. 2018లో రెండు మొక్కలు తెప్పించాను: మచ్చల ఆకుల మాడియే హైబ్రిడ్ ఒకటి, మచ్చల్లేని పచ్చాకుల ఇన్సిగ్నీ ఒకటి. రెండింటికీ 2,100 రూపాయలు. నర్సరీల్లో కనిపించే మామూలు ఆర్కిడ్ ఫాలనాప్సిస్‌తో పోలిస్తే ఎక్కువే. దాన్ని ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి మొక్కలు తీసే టిష్యూ కల్చర్‌లో వేలకొద్దీ ఒకేలా తీస్తారు, ఇది అలా లొంగదు. విత్తనం నుంచి పెంచాలి, లేదా పిలకలు విడదీయాలి. విత్తనం నుంచి పువ్వు దాకా ఏళ్లు పడుతుంది. ఆ లెక్కన ధర న్యాయమే.

ఇన్సిగ్నీ మా ఇంట్లో ఐదేళ్లుంది. ఒక్క పువ్వు పూయలేదు. ఆకులు మాత్రం నవనవలాడుతూ ఉండేవి, అదే ఇంకా ఒళ్లుమంట. దాని పుట్టిల్లు మేఘాలయ కొండలు. మొగ్గ వెయ్యాలంటే చలికాలం రాత్రులు చాలారోజులు పది, పన్నెండు డిగ్రీల దగ్గర ఉండాలి. మనకి ఆ చలి ఏడాదికి నాలుగు రోజులుంటే గొప్ప. 2023లో నీలగిరి కొండల్లో కూనూరులో ఉండే స్నేహితురాలికి ఇచ్చేశాను. ఆ చలికాలమే మూడు పూల ఫొటో పంపింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అందుకే హైదరాబాద్, విజయవాడ వాళ్లెవరైనా అడిగితే మచ్చల ఆకులదే కొనమంటాను. మాడియే 1900 నాటి సంకరం, దాని తల్లిదండ్రులు రెండూ ఆగ్నేయాసియా వెచ్చని అడవులవి. మన వేడికి ఓర్చుకుంటుంది.

ఓర్చుకోవడమంటే మే నెల ఎండలో పెట్టమని కాదు. మొదటి వేసవిలో బాల్కనీలో ఉంచితే ఆకులు మాడి తెల్లబడ్డాయి. అప్పుడే బాత్రూమ్‌లో తూర్పు కిటికీకి మార్చాను. గరుకు అద్దం లోంచి వచ్చే వెలుతురు సరిపోతోంది, స్నానాల వల్ల గాలిలో తేమ ఉంటోంది. ఏడేళ్లలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

నన్ను ఎక్కువ ఏడిపించింది నీళ్లు. చాలా ఆర్కిడ్లకున్నట్టు దీనికి నీళ్లు దాచుకునే దుంపకాడలు లేవు, కాబట్టి కుండీలో మట్టికి బదులు వేసే బెరడు ముక్కలు పూర్తిగా ఎండనివ్వకూడదు. మామూలుగా నాలుగు రోజులకోసారి, మేలో రోజు విడిచి రోజు పోస్తాను, అదీ పొద్దున్నే. మొదటి వానాకాలంలో ఆకుల నడుమ నీళ్లు నిలిచి ఒక పిలక రెండు రోజుల్లో కుళ్లి కంపు కొట్టింది. పైగా మా బోరు నీళ్లు, కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటర్ మీద 900 చూపిస్తాయి, ఆ ఉప్పుకి ఆకుల కొసలు నల్లబడేవి. ఇప్పుడు వాన నీళ్లు, లేకపోతే ఆర్‌ఓ నీళ్లు. ఫిల్టర్ బయటికి వదిలేసే నీళ్లు మొక్కలకి పోసే అలవాటు మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఉంది. దీనికి మాత్రం పొయ్యొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

అమ్మినాయన మొక్కని కొబ్బరి పొట్టులో కుక్కి పంపాడు. విప్పితే సగం వేళ్లు మెత్తబడి ఉన్నాయి. మిగతావాటి మీద గోధుమరంగు నూగు చూసి బూజనుకుని కత్తెర పట్టుకున్నాను. ఈ జాతి వేళ్లు అలాగే ఉంటాయట, ఇంకో నిమిషమైతే ఉన్నవీ పోయేవి. అప్పట్నుంచీ రెండేళ్లకోసారి బెరడు మారుస్తున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను. ఒక పిలక జీవితంలో ఒక్కసారే పూస్తుంది. పువ్వు రాలగానే ఇక దీంతో పనేముందని మొదటిదాన్ని కోసేశాను. పక్కన పుట్టే పిలకకి తిండి పెట్టేది అదేనని తర్వాత తెలిసింది. ఏడాదిన్నర పువ్వు లేకుండా గడిచింది.

అడవి నుంచి తెచ్చిన మొక్క చవగ్గా ఇస్తామనేవాళ్లు తగులుతుంటారు. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షించే కొద్దిపాటి మొక్కల్లో మన శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీతో పాటు ఈ చెప్పు ఆర్కిడ్లూ ఉన్నాయి. పెంపకం మొక్కే కొనండి, అమ్మేవాడి దగ్గర బిల్లు తీసుకోండి.

ఇప్పుడు కుండీలో ఐదు పిలకలున్నాయి. నడిమి దాంట్లో మొగ్గ పొర కనిపిస్తోంది, విచ్చడానికి ఇంకో రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఆ కిటికీ రెక్క ఎవరూ దడాలున వెయ్యొద్దని బాత్రూమ్ తలుపుకి కాగితం అంటించాను.